తాబేలు నేర్పిన నల్లపావుల ఆట

నాలో ఒక గొప్ప గుణం ఉంది పిల్లలూ. చదరంగంలో నేను ఓడిన సంగతి ఎవరికీ చెప్పను. చెబితే గెలిచినవాడికి దిష్టి తగలదూ? అంత దయ నాది! సరే, కథ వినండి.

రాజు లేనిదే కథ కదలదు గనక, మణిగిరికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ధూమనేత్రుడనే మాంత్రికుడు. వాడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. చిలుకకు రోజూ మధ్యాహ్నం వాడే జామపండు తినిపిస్తాడు, ఇంకెవరినీ ముట్టనివ్వడు. వచ్చినవాళ్లతో చదరంగం ఆడతాడు. తెల్లపావులు వాడివి, నల్లవి అతిథివి. ఆట మధ్యలో లేచినవాడు ఓడినట్టే. ఓడిన అతిథి నల్లపావైపోతాడు. తర్వాతి ఆటలో ఆ పావు చచ్చిందా, మనిషీ చచ్చినట్టే.

అలా పల్లవిక అనే రాకుమారి నల్లమంత్రి అయింది. ఆమెను విడిపించాలని పెద్ద రాకుమారుడు రెక్కల గుర్రమెక్కి వెళ్లి, పావుల్ని ముందుకు ఉరికించి, ఓడి ఏనుగయ్యాడు. నడిపివాడు సొరచేపనెక్కి వెళ్లి, ఉరికించి, ఓడి రెండో ఏనుగయ్యాడు. చిన్నవాడు ధీరకేతుకు తాబేలు దొరికింది.

ఏడు సముద్రాలూ తాబేలు ఒకటే మాట చెప్పింది. "నాయనా, ముందు ఇల్లు కట్టుకో. తలుపు వేసేముందు బండి బయట పెట్టుకో. ఆ తర్వాత కూర్చో."

ఆట మొదలైంది. మాంత్రికుడు రాజు ముందరి బంటును దూకించాడు. ధీరకేతు శకటు ముందరి బంటును ఒక్కడుగు జరిపాడు. దాని ఆసరాతో మంత్రి ముందరి బంటును నడిమికి తోశాడు. బండిని, అదే శకటును, బయటికి పంపి, అప్పుడు రాజు ముందరి బంటుతో తలుపు మూశాడు. రాజును మూలకు చేర్చి, ఏనుగైన పెద్దన్నను కాపలా పెట్టాడు.

"ఒరే చిన్నోడా, నన్ను ఉరకనీరా!" అని అరిచాడు పెద్ద ఏనుగు.

"ఉరికే కదా అన్నయ్యా ఏనుగువయ్యావు? నిలబడు."

"ఈయన మాట వినండి బావగారూ," అంది నల్లమంత్రి. "వచ్చినవాళ్లలో నన్ను ఇంట్లోంచి ఎండలోకి తోలనిది ఈయనొక్కరే."

బావగారూ అనేసరికి ధీరకేతు చెవులు ఎర్రబడ్డాయి.

మాంత్రికుడు కుడినుంచి కొట్టాడు, గోడ. ఎడమనుంచి కొట్టాడు, గోడ. నడిమిన కొట్టాడు, గోడే. పొద్దు వాలింది. ఇంతవరకు ఏ అతిథీ మధ్యాహ్నం దాటి నిలవలేదు మరి! దూరపు కిటికీ దగ్గర చిలుక తల వాల్చింది. ఇక్కడ మాంత్రికుడి తలా వాలింది.

"జామపండు..." అంది చిలుక.

"నీ ఎత్తే మామా," అన్నాడు ధీరకేతు.

మాంత్రికుడు పీట పట్టుకుని వేలాడాడు. కళ్లు తేలేశాడు. చివరికి ప్రాణం తీపి, లేచి పరుగెత్తాడు. లేవగానే ఓడినట్టే గనక మంత్రం విరిగింది. అన్నలూ పల్లవికా మనుషులయ్యారు. పల్లవిక ఒక్క గెంతులో పంజరం అందుకుని చిలుకకు పండు పెట్టింది. ఆనాటినుంచి మాంత్రికుడు ఆమె చెప్పినట్టల్లా విన్నాడు. వినక ఏం చేస్తాడు?

ధీరకేతుకూ పల్లవికకూ పెళ్లయింది. తాబేలు పెళ్లికి బయల్దేరి బారసాలకు చేరింది. వాళ్లు మనవల పెళ్లిళ్లు చూసేదాకా ఏలారు.

నేనా? ఇల్లు కట్టడం వచ్చింది. కూర్చోవడమే రాలేదు. ఇప్పటికీ నాలుగో ఎత్తుకే మంత్రిని ఎండలోకి తోలేస్తాను.