బుద్రి తెచ్చిన అంబలి

"అందరం మనుషులమే కదా గురువుగారూ! శాంతి సంఘంలో కూర్చునేటప్పుడు జాతినీ, ఆచారాన్నీ గుమ్మం బయట విడిచి వస్తే సగం తగువులు అక్కడే తీరిపోవా?"

నరహరి ఈ ప్రశ్న అడగడం అది నాలుగోసారి. మా నరహరికి చదువు ఎక్కువ, చదువుతో వచ్చిన ధీమా ఇంకా ఎక్కువ. మర్నాటి నుంచి ఏజెన్సీలో ఒక శాంతి సంఘానికి పని చెయ్యబోతున్నాడు కనక మూడు రోజులుగా మా అందరి చెవుల్లో జోరీగలా ఇదే రొద. మా గురువు పరాంకుశం గారికి ఒక అలవాటుంది. తెలివితక్కువ ప్రశ్న వేస్తే రెండుసార్లు విననట్టు ఊరుకుంటారు, మూడోసారి నవ్వేస్తారు. నాలుగోసారి అడిగే ధైర్యం అంతవరకూ మాలో ఎవరికీ లేకపోయింది. ఆయన చేతిలోని విసనకర్రను చాప మీద పడేశారు.

"విడిచి రావడానికి అవేమన్నా చెప్పులటయ్యా? కూర్చో. నేను ముగించేదాకా నోరు విప్పకు" అని మొదలుపెట్టారు.

మన్యంలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. దానికి ఈ పక్క కొండజాతివాళ్ళ గూడెం, ఆ పక్క మూడు తరాల కిందట మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరు. ఒక ఏడు వానలు మొహం చాటేస్తే, రైతులు గెడ్డకు అడ్డంగా కట్ట వేసి నీళ్ళన్నీ తమ మళ్ళలోకి తిప్పుకున్నారు. గూడెంవాళ్ళు కట్ట తెంచబోయారు. దెబ్బలాటలో పైడంనాయుడనే రైతుకు ఎడమ చెయ్యి విరిగింది. గూడెంలో సొంబ్రు అనేవాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. అతని తల్లి బుద్రికి అతనొక్కడే కొడుకు. నీళ్ళ మాట తేలి, కట్ట జోలికి ఎవరూ రాకపోతే కేసులో రాజీ పడతానని పైడంనాయుడు అన్నాడు. సొంబ్రు ఇంటికి రావాలంటే అదొక్కటే దారి.

"అందుకని మంచివాళ్ళు కొందరు కలిసి శాంతి సంఘం పెట్టారు" అన్నారు గురువుగారు. మంచివాళ్ళు అన్న మాట దగ్గర ఆయన మొహం చేదు మింగినట్టయింది.

సభ బడి వరండాలో జరిగింది. ముందు కొబ్బరికాయ కొట్టారు. శ్లోకం చదివారు. వచ్చినవాళ్ళందరికీ బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చారు. ఆ తర్వాత సంఘం కార్యదర్శి లేచి, ఇక్కడ జాతులూ ఆచారాలూ ఏవీ లేవు, అందరం మనుషులం అని నియమం చదివి వినిపించాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

అంతలో బుద్రి నెత్తిన కుండతో వచ్చింది. గూడెంలో ఒక పద్ధతి ఉంది. తగువు పడ్డ రెండు పక్షాలవాళ్ళూ ఒకే సొరకాయ బుర్రతో అంబలి తాగాలి. తాగిన తర్వాత అన్నదే మాట. అంతకు ముందు ఎన్ని అన్నా, దేనికి తలూపినా, అది ఎదుటివాళ్ళను నొప్పించకుండా చేసే మర్యాద మాత్రమే. కొడుకు కోసం ఆవిడ తనే చోళ్ళు, అదే రాగులు, విసిరి, అంబలి కాచి, రెండు కొండలు దిగి మోసుకొచ్చింది. కార్యదర్శి ఎదురెళ్ళి, "అమ్మా, ఆ కుండ అలా మూల పెట్టు. భోజనాలు మేమే చేయిస్తున్నాం, మీకెందుకు శ్రమ?" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు కూడా.

సభ దివ్యంగా జరిగింది. వారంలో మూడు రోజులు గూడేనికి, నాలుగు రోజులు ఊరికి నీళ్ళు. కట్టను ఎవరూ ముట్టుకోరాదు. గూడెంవాళ్ళు దేనికీ కాదనలేదు, అడిగినచోటల్లా వేలిముద్ర వేశారు. చప్పట్లు, ఫొటో, పులిహోర అన్నీ అయ్యాయి. విస్తళ్ళు ఎత్తుతుంటే బుద్రి మూలనున్న కుండ దగ్గరకు వెళ్ళి, మూత తీసి చూసుకుని, కార్యదర్శిని అడిగింది.

"పొద్దు వాలిపోనాది బాబూ. మాట ఎప్పుడు మొదలెడతారు?"

అందరూ ఘొల్లున నవ్వారు. అంతా అయిపోయిందమ్మా, ముద్రలు కూడా వేశారు కదా అని కార్యదర్శి చెప్పాడు. బుద్రి మూత పెట్టేసి, కుండ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఎనిమిదో రోజున గూడెంవాళ్ళు కట్ట తెంచేశారు. వాళ్ళ దృష్టిలో అసలు మాటే జరగలేదు, ఇక తప్పడమేమిటి? పైడంనాయుడు మండిపడి రాజీ లేదు గీజీ లేదన్నాడు. సొంబ్రు పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. గూడెంవారికి మాట మీద నిలబడే సంస్కారం ఇంకా అలవడలేదని కార్యదర్శి నివేదిక రాశాడు. దాన్ని చాలామంది పెద్దలు మెచ్చుకున్నారట.

గురువుగారు ఆగారు. వింటున్న మాకు ఒళ్ళు మండిపోతోంది గాని, ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. ఆ ఇబ్బంది నరహరికి లేదు.

"ఆ పైడంనాయుణ్ణి అనాలండీ! ఒక్క గుక్క అంబలి తాగితే కులం కరిగిపోతుందా? కుండ కళ్ళెదుటే ఉంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడా? ఇలాంటివాళ్ళ వల్లే కదా, ఆచారాలు బయట విడిచి రావాలని నేను మొత్తుకునేది!"

గురువుగారు అతని వైపు తిరిగారు. ఆయన గొంతులో విసుగు ఉంది గాని, అది నరహరి మీద కాదని నాకు అప్పుడు తట్టింది.

"అతను లేచాడయ్యా. ఆ గూడెం కళ్ళాల్లో ఆడుకుంటూ పెరిగినవాడు, అతనికి తెలుసు. విరిగిన చెయ్యి మెడకు వేలాడుతుంటే, సొరకాయ బుర్ర అందుకోడానికి రెండో చెయ్యి చాచాడు. ఆ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిన కార్యదర్శిని నేనే."