సంధ్యాదీపమున మనసు చెప్పుకొను నోము కథ

పూర్వమొకప్పుడు ఆర్ద్రచిత్తుడను ముని విశాలకర్ణ మహర్షికి నమస్కరించి, "స్వామీ! మానవులు దుఃఖము కలిగిన త్రాగుచున్నారు, సంతోషము కలిగిన త్రాగుచున్నారు, ఏమియు తోచకున్నను త్రాగుచున్నారు. దీనికి వ్రతమేదైన కలదా?" అని యడిగెను. మహర్షి ముసిముసిగా నవ్వి యిట్లు చెప్పెను.

రాగవరమను గ్రామమున అప్పలకొండ యను సన్నాయి విద్వాంసుడు, అతని భార్య పైడితల్లి, కూతురు వరాలు కలరు. అతడు ఎవరైన మెచ్చుకొనిన ఉబ్బి త్రాగును, మెచ్చుకొననిచో అలిగి త్రాగును. వాన కురిసిన చలి యని, కురియకున్న ఉక్క యని త్రాగును. మనసెట్లున్నదని భార్య యడిగిన, "బాగానే ఉన్నాదిలే" యని కసరును. ఒకనాడు మత్తులో పెండ్లిపందిటి కేగి, మాంగల్యధారణ వేళ గట్టిమేళమునకు మారుగా అప్పగింతల పాట ఊదెను. తాళి ముడిపడకమునుపే ఆడపెండ్లివారు గొల్లుమనిరి. వరుడు బెదరి పీటలపైనుండి లేచెను. పిమ్మట అతనిని పిలుచువారే లేకపోయిరి. వరాలు సయితము, "నాన్నా, నా పెళ్లికి నువ్వు మాత్తరం ఊదొద్దు" అనెను. ఆ మాట అతని గుండెలో గ్రుచ్చుకొనెను.

అంతట సంధ్యాలక్ష్మి ముత్తైదువ రూపమున వాకిట నిలిచి, పైడితల్లికి నోము నుపదేశించెను. దీపము పెట్టు వేళ ఇంటివారందరు కూర్చుండి, ఆనాటి మనసును ఉన్నదున్నట్లు చెప్పవలెను. కోపమైన కోపమనవలెను. త్రాగవలెననిపించిన ఆ మాటయే చెప్పవలెను. వినువారు నీతులు చెప్పక, "విన్నాను" అని బెల్లపు పానకమీయవలెను.

అప్పలకొండ భక్తితో నాచరించెను. పైడితల్లియు తన కోపము చెప్పెను. ఆమె చెప్పి ముగించుటకు చాల సంధ్యలు పట్టెను పాపము! అతని మనసు తేలికపడెను, ఊరివారు మరల పిలిచిరి. ఒకనాడు ఊరి దొరగారు అతని పాట మెచ్చి శాలువ కప్పగా, సంతోషములో నోమెందుకు, అది యేడ్చువారికి గదా యని తలచి, దీపము మాని కల్లంగడి కేగెను. శాలువ పోగొట్టుకొని, సన్నాయి పీక విరుగగొట్టుకొని యిల్లు చేరెను. పైడితల్లి తిట్టక మరల దీపము వెలిగించెను. తనను సంతోషమే పడద్రోసినదని అతడు చెప్పగా, ఆమె "విన్నాను" అనెను. నాటినుండి అతడు మంచినాడును నోము తప్పలేదు.

వరాలు పెండ్లికి పొరుగూరి మేళము వచ్చెను. పెండ్లిబట్టలలో కూతురిని చూడగనే అప్పలకొండకు ఆనందము పట్టశక్యము కాలేదు. కాళ్లు కల్లంగడివైపు లాగెను. దీపము వేళదాక ఆగలేక, తిన్నగా పీటలయొద్దకు నడచి, అందరు వినుచుండగా, "వరాలూ, సంతోసం పట్టలేకపోతన్నానే. తాగాలనిపిస్తంది" అనెను. పెద్దలు నోళ్లు వెళ్లబెట్టిరి. వరాలు కన్నులు తుడుచుకొని, "విన్నాను నాన్నా" యని, వియ్యాలవారికై తెచ్చిన పానకపు బిందెనుండి తొలి గ్లాసు తండ్రికిచ్చెను. వియ్యపురాలు మూతి ముడిచి, అంతలోనే నవ్వెను. "ఇంక నువ్వే ఊదు నాన్నా" యని వరాలు పలికెను. పొరుగూరివారు సన్నాయి అందించిరి. అతడు గట్టిమేళము ఊదగా తాళి ముడిపడెను. అప్పగింతల పాటకు అందరు వేళకే యేడ్చిరి.

కావున దిగులుగలవారు, విసుగుగలవారు, ముఖ్యముగా మేలు జరిగినవారు ఈ నోము నోచవలెను. కల్లు, సారా, గంజాయి మరిగినవారు వైద్యునికిని మనసు చెప్పుకొనవలెను. తప్పినవారు సిగ్గుపడక మరల దీపము పెట్టుకొనవచ్చును. ఈ నోము మేడలీయదు, మాన్యములీయదు. అయినను ఇది నోచిన యింట ప్రొద్దుగ్రుంకు వేళ తండ్రి అడుగుల చప్పుడు విని, పిల్లలు లోపల దాగుట మాని వీధిలోని కెదురు పరుగెత్తుదురు.