గీత మీద ఉప్పు

ఉప్పుమళ్ళ పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక తక్కెడ, ఒక గోడ, గోడ మీద ఒక గీత ఉండేవి. నానా దేశాల పెద్దలు కలిసి, తల్లిపాలు కడుపునిండా తాగి ఆరోగ్యంగా పెరిగిన పసిపిల్లల్ని నెలనెలా తూచి గీసిన గీత అది. ఏ దేశపు బిడ్డయినా సరిగ్గా చూసుకుంటే అలాగే పెరుగుతుందని వాళ్ళ మాట.

ప్రతి పున్నమికీ తూనికల అవ్వ ఊరి పిల్లల్ని తూచి గోడ మీద చుక్క పెట్టేది. చుక్క గీత కిందకి దిగిన బిడ్డకి ఆ నెలంతా రోజూ గిన్నెడు పాలజావ ఇచ్చేది.

ఒక ఇంట్లో తోడికోడళ్ళిద్దరికీ ఒకే నెలలో ఆడపిల్లలు పుట్టారు. పెద్దకోడలి బిడ్డ చుక్క గీతకి పైన, చిన్నకోడలి బిడ్డది కింద. "పెద్దదాని చేతి చలవ!" అని ఊరుకోక, అత్తగారు చిన్నదాని వైపు ఓరగా చూసేది. చిన్నకోడలి కడుపు భగ్గుమనేది. ఇద్దరూ ఒకే పొయ్యి మీది కూడు తింటుంటే దాని పాలల్లో మాత్రం వెన్న ఉందా? పెద్దకోడలి బిడ్డ నవ్వినా సరే, కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. తన బిడ్డ జావ తాగుతుంటే సిగ్గుతో గిన్నెకి కొంగు అడ్డం పెట్టేది.

ఆ ఊళ్ళో దిష్టి తగలకుండా పసివాళ్ళ మొలతాడుకి చిన్న ఉప్పుమూట కడతారు. విప్పితే అరిష్టమని తూచేటప్పుడు కూడా ఉంచేస్తారు. చిటికెడు ఉప్పు ఎంత బరువులే అని అవ్వ పట్టించుకోదు. ఆ పున్నమికి చిన్నకోడలు మూటలో రెండు పిడికిళ్ళు పోసి, పైన చొక్కా దించింది.

చుక్క గీత దాటింది.

"బంగారుతల్లీ, కోలుకున్నావే! ఇంక జావ అక్కర్లేదు" అంది అవ్వ. చిన్నకోడలు అత్తగారి మొహం చూసి మురిసిపోయింది. గిన్నె సంగతి మర్నాటికి గానీ గుర్తు రాలేదు.

ఆ నెల పెద్దకోడలి బిడ్డకి విరేచనాలు పట్టుకున్నాయి. మరుసటి పున్నమికి ఆమె తన బిడ్డ ఉప్పుమూట విప్పి పక్కన పెట్టింది. అత్తగారు గుండెలు బాదుకుంది.

"దిష్టి తగిలితే తగలనీ అత్తయ్యా. ఉన్నదున్నట్టు తూచు అవ్వా" అంది పెద్దకోడలు.

చుక్క కిందకి దిగింది. పాలజావ గిన్నె ఆ బిడ్డ ముందుకొచ్చింది. ఇప్పుడు చిన్నకోడలికి ఆ గిన్నె మీద కూడా కుళ్ళు పుట్టింది. ఆమె చంకలో బిడ్డ పక్కటెముకలు వేళ్ళకి తగులుతున్నాయి. అయినా ఇంటి దగ్గరే ఈసారి మూటలో ఇంకో పిడికెడు ఉప్పు పోసుకొచ్చింది.

"నీదీ విప్పవే చెల్లీ" అంది పెద్దకోడలు మెల్లగా. "ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తాగుతారు."

చిన్నకోడలు మొలతాడు మీద చెయ్యి వేసి గోడ వైపు చూసింది. పెద్దకోడలి చుక్క కింద ఉంది. కాపురానికొచ్చాక ఆమెని కింద చూడటం ఇదే మొదటిసారి.

ముడి గట్టిగా బిగించి, బిడ్డని తక్కెడలో కూర్చోబెట్టింది.

"ఈసారీ పైనే!" అంది అవ్వ. అత్తగారు బిడ్డకి మెటికలు విరిచింది. తక్కెడ దిగిన బిడ్డ ఏడుస్తూ పక్కబిడ్డ గిన్నెకేసి పాకింది. చిన్నకోడలు చటుక్కున కాలు పట్టి వెనక్కి లాగింది.

"ఛీ, అది తక్కువ పిల్లలు తాగేదే. నీకేం ఖర్మ?" అంది.