అంచు పగలని రొట్టె

రెండు రోజులుగా మఠంలో పిల్లలు మెతుకు ముట్టలేదు. మక్కజొన్న రొట్టె పెడితే మొహం తిప్పుకుంటున్నారు. వంటపని చూసే శిష్యుడు రేవణ్ణకు అదే దిగులు.

ఆ ఏడు వచ్చిన వాగు అలాంటిలాంటిది కాదు. ఈ గట్టున గొంతు చించుకుని కేకేస్తే, ఆ కేక సగం దూరం ఈది, అలసిపోయి వెనక్కి వచ్చేసేది. బియ్యం బండి అవతలి గట్టునే ఆగిపోయింది. మఠంలో మిగిలింది మక్కపిండి ఒక్కటే. పుట్టిన దగ్గర్నుంచి అన్నమే ఎరిగిన తొమ్మిదిమంది పిల్లలు పూటపూటా మజ్జిగ తాగి పడుకుంటున్నారు. ఆరేళ్ల బసమ్మయితే ఆ పొద్దు చాప మీదినుంచి లేవనే లేదు.

రేవణ్ణ మాత్రం సామాన్యుడా? మక్కపిండికి జిగురుండదు. గట్టిగా చూస్తేనే అంచు పగులుతుంది. అలాంటి పిండిని సలసల కాగే నీళ్లతో మర్దించి, రెండు పలుచని రొట్టెలు తట్టి, నడుమ మెంతికూర పరిచి అంచులు అతికాడంటే, చీమ ముమ్మారు ప్రదక్షిణం చేసినా లోపలికి దారి దొరికేది కాదు.

"లోపలేమున్నది?" అని అడిగాడు పిల్లల్లో పెద్దవాడు సంగన్న, రొట్టెను వేలితో పొడుస్తూ.

"అమృతంరా! దీనికోసమే దేవతలు తన్నుకున్నరు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాకొద్దన్నా."

రేవణ్ణ వెళ్లి గురువు ముందు నిలబడ్డాడు.

"ఈ పోరగాండ్లు నా వశం గాదయ్యా. పోయిన నెల నులిపురుగులకని బెల్లం ఉండల్ల వేపాకు ముద్ద దాచి తొమ్మిదిమందికీ పెట్టిన. కొరికినంక ఏడ్చిండ్రు గని, కొరకకముందు ఒక్కడన్న పసిగట్టిండా? అసొంటి నాకే లొంగుతలేరు."

ముసలి స్వామి నవ్వలేదు, కోప్పడలేదు.

"రొట్టెలు తే," అన్నారు.

బసమ్మ చాప పక్కన కూర్చుని పళ్లెంలోంచి ఒక రొట్టె తీశారు. పున్నమి చంద్రుడు చూస్తే మబ్బు చాటుకు పోవలసిన రొట్టె. రెండు చేతులా పట్టుకుని నడిమికి విరిచారు. ఆవిరి లేచింది. పచ్చని కూర పళ్లెంలోకి జారింది. రేవణ్ణ గుండె విరిగిన చప్పుడు అవతలి గట్టున బండివాడికి కూడా వినబడే ఉంటుంది.

"మెంతికూర," అన్నారు స్వామి. "నువ్వులు, ఉప్పు, ఇంత కారం. కూర చేదుంటది."

బసమ్మ మోచేతి మీద లేచింది. "మస్తు చేదా అయ్యా?"

"కొంచెం."

"వేపాకంతనా?"

"అంత లేదు. నాకైతే మంచిగనే ఉంటది. నీకు నచ్చకుంటే ఇటియ్యి, నేను తింట."

సగం ముక్క ఆ పిల్ల ముందు పెట్టి, మిగతా సగం తాను తినసాగారు. ఆమె వైపు మళ్లీ చూడలేదు.

బసమ్మ ముక్కను వాసన చూసింది. ఒక్క ఆకు తీసి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించింది. కాసేపాగి రెండో ఆకు తీసింది. ఆ తర్వాత అంచు కొరికింది.

"నాది గూడ విరిచియ్యుండ్రి అయ్యా," అన్నాడు సంగన్న, దగ్గరికి జరిగి.

స్వామి లేచి చేతులు కడుక్కున్నారు.

"రేవణ్ణ ఉన్నడు గదా," అన్నారు.

రేవణ్ణ పళ్లెం ముందు కూర్చున్నాడు. తాను అతికిన అంచును తానే పట్టుకుని విరిచాడు.

"లోపలేమున్నదన్నా?" అని మళ్లీ అడిగాడు సంగన్న.

"మెంతికూర," అన్నాడు. "ఆ బెల్లం ఉండల్ల వేపాకు పెట్టింది నేనేరా. చెప్పకుండ పెట్టిన."

"మాకెరుకే," అంది బసమ్మ, నోటినిండా రొట్టెతో.

రేవణ్ణ ఇంకో రొట్టె విరిచాడు.