ఈల వేసే పొయ్యి

అనగనగా ఓ కొండ మీద ఊరు. అక్కడి చలి మామూలు చలి కాదర్రా, ఎండాకాలంలో కూడా నెయ్యి పేరుకునే చలి. అందుకని అక్కడివాళ్ళు ఇంటి మధ్యలో మట్టిపొయ్యి కట్టి, దాని మూతికి ఇనప తలుపు పెట్టి, పొగ పోవడానికి కప్పులోంచి గొట్టం పంపేవాళ్ళు. వంటా దాని మీదే, చలి కాచుకోవడమూ దాని దగ్గరే. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేనూ ఆపేస్తా, నాకేం.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఓ అత్తగారు, నూకాలు అని ఓ కోడలు. నూకాలికి మూడు నెలల పసిగుడ్డు. ఆ ఏడు వాళ్ళ పొయ్యికి ఏదో తెగులు పట్టింది. తలుపు మూసినా పై సందులోంచి పొగ ఇంట్లోకొచ్చేది, గాలి వీస్తే కూ అని ఈల వేసేది. పిల్లాడు ఒకటే దగ్గు.

సందులో గుడ్డ కుక్కారు, గుడ్డ కాలింది. పిండి మెత్తారు, పిండి మాడింది. బంకమట్టి పూశారు, తలుపు తీయగానే రాలింది. గుడ్డ పోయె, పిండి పోయె, మట్టి పోయె. పొగ పోలేదు, దగ్గు పోలేదు.

అచ్చియ్యమ్మ భూతవైద్యుణ్ణి పిలిపించింది. ఆయన ఈల విన్నాడు, మీసం దువ్వాడు, ఇది కోడలి వెంట వచ్చిన దయ్యమన్నాడు. మూడోనాడు వస్తాను, నల్లకోడిని సిద్ధం చెయ్యండి, దానికీ లొంగకపోతే కోడల్నీ బిడ్డనీ పుట్టింటికి పంపెయ్యండి అన్నాడు. నూకాలి మొగుడు అమ్మ వంక చూశాడు, కప్పు వంక చూశాడు, పెళ్ళాం వంక మాత్రం చూడలేదు. ఉంటారు అలాంటివాళ్ళు.

నూకాలికి ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. పొగ నా వెంట వచ్చిందో ఈ తలుపు వెంట వచ్చిందో తేలందే గడప దాటను అనుకుంది. పొయ్యి ఆర్పి, చల్లారాక, పిల్లాణ్ణి వీపున కట్టుకుని, మసి నూనెలో కలిపి తలుపు అంచంతా పూసింది. గట్టిగా మూసి, తెరిచింది. పొయ్యి మూతికి మసి అంటినచోట తలుపు ఆనుతున్నట్టు, అంటనిచోట సందున్నట్టు. కింద నల్లగా అంటింది. పైన చుక్క కూడా లేదు.

కిందేం అడ్డుపడుతోందా అని వేలితో తడిమింది. అచ్చియ్యమ్మ కాపురానికొచ్చిన నాటినుంచీ రోజూ తెల్లారే పొయ్యి అలికి ముగ్గు పెట్టేది, ఒక్క రోజు మానలేదు. ఆ పేడా మట్టీ పొర మీద పొర పేరుకుని పొయ్యి మూతి కింది అంచు బొటనవేలంత లావెక్కింది. కింద అది తన్నుతుంటే పైన తలుపు ఎలా మూసుకుంటుంది?

నూకాలు అట్లకాడ తీసింది. అత్తగారు అడ్డమొచ్చింది. పొయ్యంటే లక్ష్మి, గోకుతావా, నీ చేతులు పడిపోను అని తిట్టింది. నూకాలు పక్కకి జరగలేదు. అత్త చెయ్యి పట్టుకుని ఆ లావు అంచు మీద పెట్టింది.

"ఇది నీ చేతి సేవే అత్తా. నీ మనవడి ఊపిరికి అడ్డమొస్తోంది," అంది.

అచ్చియ్యమ్మ ఆ అంచంతా తనే తడిమి చూసుకుంది. తర్వాత అట్లకాడ లాక్కుని తనే గోకింది. గోకుతూ ఏడ్చింది కూడా, దాచడమెందుకు. తట్టెడు పెళ్ళలు వచ్చాయి.

ఈసారి రాలకుండా బంకమట్టిలో మేకవెంట్రుకలు వేసి పిసికి పొయ్యి మూతి అంచు చుట్టూ పెట్టారు. అంటుకోకుండా తలుపుకి బూడిద రాసి, మూసి అదిమారు. తలుపు ఎలా ఉంటే మట్టి అలా ఒదిగింది. ఆరేదాకా రెండ్రోజులు నిప్పు రాజెయ్యొద్దంది నూకాలు. ఇల్లంతా వణికింది. పిల్లాణ్ణి అత్త ఒళ్ళో కాసేపు, కోడలి ఒళ్ళో కాసేపు పెట్టుకుని కాచుకున్నారు. మొగుడు ఒక్క పుల్ల వెలిగిద్దామన్నాడు. అత్తాకోడళ్ళు ఒకేసారి చూసేసరికి గొంగట్లో దూరాడు.

మూడోనాడు పొయ్యి రాజేశారు. పొగ లేదు, ఈల లేదు. భూతవైద్యుడు వచ్చి, పొయ్యికి చెవి ఒగ్గి, దయ్యమేదమ్మా అని అడిగాడు. అచ్చియ్యమ్మ పెళ్ళల తట్ట తెచ్చి ఆయన నెత్తిన పెట్టింది.

"ఇదిగో నాయనా, దీన్ని పెంచింది నేనే. తీసుకుపో," అంది.

పిల్లాడి దగ్గు పోయింది, నల్లకోడి బతికిపోయింది. అచ్చియ్యమ్మ ఆ తర్వాతా రోజూ పొయ్యి అలికింది, అంచు మాత్రం వదిలేసి. ఎంత ప్రేమగా చేసే పనైనా అప్పుడప్పుడు తడిమి చూసుకోవాలర్రా.

కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం.