గుమ్మంలో రత్తమ్మత్తయ్య

భుజంగరావు మాస్టారి దగ్గర పరిశోధన చేసినవాళ్లు ఇప్పటికీ ఎక్కడ కలిసినా ముందు తలుచుకునేది ఆయన పాండిత్యాన్ని కాదు, ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పి చావని ఆయన అలవాటును. అప్పట్లో దాని మీద పళ్లు నూరినవాళ్లే ఇప్పుడు దానికోసం మొహం వాచి ఉన్నారు.

హైమకు ఆ జవాబుల్లో ఒకటి బాగా గుర్తు. అప్పటికి రెండేళ్లుగా ఆమె తెల్లరక్తకణంలోని ఒక అడాప్టర్ ప్రోటీన్ వెంట పడి ఉంది. సూక్ష్మజీవి కణం పైపొరను తాకగానే లోపలికి కబురు వెళ్లాలి. ఆ పని చేసే ఎంజైములు వేరే ఉన్నాయి. ఇది మాత్రం ఒక చేత్తో ఒక ఎంజైమునూ, ఇంకో చేత్తో ఇంకోదాన్నీ పట్టుకుని ఊరికే నిలబడుతుంది. అంశం మార్చుకుంటే రెండేళ్ల కష్టం నీళ్లపాలే. అయినా మార్చుకుంటానని చెప్పడానికే ఆ సాయంత్రం మాస్టారి గదికి వెళ్లింది.

"ఏ పనీ చెయ్యని ప్రోటీన్ మీద థీసిస్ ఏం రాయను సార్?"

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్లజోడు తీశారంటే మనసు సొంతూరికి వెళ్లిపోయిందన్నమాటే.

వాళ్లింట్లో ఏ పెళ్లయినా మేనత్త రత్తమ్మ వంటింటికీ పందిరికీ మధ్య గుమ్మంలో నిలబడేదట. వండేది కాదు, వడ్డించేదీ కాదు. అటు పొయ్యినీ ఇటు పంక్తినీ చూస్తూ, "పులుసు కదలనివ్వండి", "పెరుగు ఆపండి" అనేది. అంతే. మాస్టారి పెద్దక్క పెళ్లినాడు వాళ్ల చిన్నాన్నకు ప్రేమ పొంగింది. "ఊరికే కాళ్లు లాగేలా ఎందుకు నిలబడతావక్కా, వచ్చి కూర్చో" అని అత్తయ్యను చెయ్యి పట్టుకు తెచ్చి మొదటి పంక్తిలో విస్తరి ముందు కూర్చోబెట్టాడు.

వంటలకు లోటు లేదు, వడ్డించేవాళ్ల ఉత్సాహానికీ లోటు లేదు. పప్పు ఒకవైపే రెండుసార్లు తిరిగింది. మగపెళ్లివారు ఇంకా కూర కలుపుకుంటుండగానే ఎవరో పెరుగు తెచ్చి వేసేశారు. పెరుగు పడిందంటే భోజనం అయిపోయింది, ఇక లేవమనే. పెళ్లికొడుకు మేనమామ మొహం ఎర్రబడింది. విస్తరి మడిచి లేవబోయాడు. ఆయన లేస్తే పంక్తంతా లేస్తుంది, ఇక సాయంత్రం ముహూర్తం ఉండదు.

"అత్తయ్య సగం భోజనంలో లేచేసిందమ్మా," అన్నారు మాస్టారు. ఆయన గొంతు మెత్తబడింది. "చెయ్యి కడుక్కుని వెళ్లి గుమ్మంలో నిలబడింది. 'అన్నయ్యగారికి కొత్త విస్తరి వెయ్యండి, బూరెలు రానివ్వండి, ఆ పెరుగు లోపలికి తీసుకుపొండి' అంది. ఆయన మళ్లీ కూర్చున్నాడు. అక్క పెళ్లయింది."

ఎన్నడూ చూడని ఆ అత్తయ్య మీద హైమకు ఎక్కడలేని ప్రేమ కలిగింది. అంశం మార్చే మాట ఎత్తలేదు. "ఆవిడ లేకుండా మీ ఇంట పెళ్లి ఎప్పుడైనా చూశారా సార్?" అని అడిగింది.

"చూశాను," అన్నారు మాస్టారు. "వంటలు మాత్రం బాగానే ఉన్నాయి."