తాయారు చెప్పిన సాక్ష్యం

రావులపాలెంలో జాకెట్లు కుట్టుకుని బతికే మంగతాయారుకి మొహమాటం మరీ ఎక్కువ. ఎవరేం అడిగినా "అలాగేనండి" అనేది తప్ప ఆమె నోట మరో మాట వచ్చేది కాదు. కొలత తప్పు చెప్పింది వాళ్లయినా, విప్పి మళ్లీ కుట్టేది తాయారే. వరసలో ముందు నిలబడి కూడా, వెనకొచ్చిన వాళ్లు "కాస్త తొందరమ్మా" అంటే పక్కకి జరిగి దారి ఇచ్చేది. ఊళ్లో అందరూ ఆమెని మంచిపిల్ల అనేవారు. మన పని జరిగిపోతే ఎవరినైనా మంచివాళ్లనే అంటాం కదా!

అలాంటి తాయారుకి ఓ సంబంధం వచ్చింది. వరుడి పేరు పెద్దిరాజు. అరటి మార్కెట్లో గెలల వ్యాపారం చేసేవాడు. మనిషి దర్జాగా ఉండేవాడు గానీ, పొయ్యి మీద అన్నం ఉడికేదాకా కూడా ఆగలేని తొందర మనిషి. అతనికి అంతకుముందే నూకరత్నం అనే ఆవిడతో పెళ్లయింది. ఇద్దరికీ పడలేదు. అతనే కోర్టులో విడాకుల కేసు వేశాడు. "తీర్పు వచ్చేదాకా ఓపిక పట్టవయ్యా" అని లాయరు చెప్పాడు. పెద్దిరాజుకి లేనిదే అది.

అతను తిన్నగా మార్కెట్ పెద్దల దగ్గరికి వెళ్లాడు. వాళ్లలో పెద్ద తలకాయ అబ్బులు గారు. ఆయన ఓ మధ్యాహ్నం గెలల పాక కింద నలుగురిని కూర్చోబెట్టి, ఓ తమలపాకు తెప్పించి, అందరి ముందూ నిలువునా చించాడు. సగం పెద్దిరాజు చేతిలో పెట్టాడు. మిగతా సగం నూకరత్నం పుట్టింటికి పంపించాడు. "ఇంకేం, తెగిపోయింది. నీ దారి నీది, ఆవిడ దారి ఆవిడది" అన్నాడు. అందరూ తలలూపి కాఫీలు తాగి వెళ్లిపోయారు. నూకరత్నాన్ని మాత్రం ఎవరూ పిలవలేదు, ఒక్క మాటా అడగలేదు.

పెళ్లిచూపుల్లో అబ్బులు గారే మధ్యవర్తి. "మొదటి సంబంధం తెగతెంపులు చేసేశాం. ఇక ఏ గొడవా లేదు" అని ధీమాగా చెప్పాడు. కోర్టులో కేసు ఉందన్న సంగతి పెద్దిరాజు పొక్కనివ్వలేదు. అయినా తాయారుకి ఎక్కడో అనుమానం తగిలింది. కోర్టు విడాకులు ఇచ్చిందా అని అడగాలనుకుంది. పక్కనే కూర్చున్న భద్రం మావయ్యతో మెల్లిగా ఆ మాటే అంది.

మావయ్య కళ్లు పెద్దవి చేశాడు. "ఊరుకోవే! అంతటి పెద్దమనిషి నోటితో చెబుతుంటే కాగితాలు అడుగుతారా? ఏం బాగుంటుంది?"

"అలాగే మావయ్యా" అంది తాయారు. ఆ ప్రశ్నని అక్కడే మింగేసింది. నెల తిరక్కుండా కల్యాణ మండపంలో వైభవంగా పెళ్లి జరిగిపోయింది.

ఏడాది కావస్తుండగా, ఓ రోజు ఒకావిడ తాయారు కొట్టు మెట్లెక్కింది. తాయారుకి అప్పుడు ఏడో నెల.

"నువ్వేనా మంగతాయారువి?"

"ఆయ్, నేనేనండి. కూర్చోండి. జాకెట్టు గుడ్డ తెచ్చారా అండి?"

"గుడ్డ కాదమ్మా, కబురు తెచ్చాను. నా పేరు నూకరత్నం. పెద్దిరాజు పెళ్లాన్ని."

మిషను మీద తాయారు చెయ్యి ఆగిపోయింది. "మీకు... మీకు విడాకులు అయిపోయాయన్నారండి."

"ఎవరూ, ఆకు చింపినవాళ్లా? ఆకు చింపితే ఆలుమగలు విడిపోయేటట్లయితే, మన సెంటర్లో కిళ్లీకొట్టువాడు ఈపాటికి ఊరు ఊరంతా విడదీసేసుండేవాడు! కోర్టులో కేసు ఇంకా నడుస్తూనే ఉంది. తీర్పు వచ్చేదాకా, నాకిష్టం ఉన్నా లేకపోయినా, నేనే ఆయన పెళ్లాన్ని."

"మరి నేనో అండి?"

ఆ అడిగిన తీరుకి నూకరత్నం కోపం కాస్తా దిగిపోయింది. దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. "నీ పెళ్లి చెల్లదమ్మా. మొదటి పెళ్లి తెగకుండా చేసుకున్న రెండో పెళ్లిని చట్టం లెక్కలోకే తీసుకోదు. అలా చేసుకున్నవాడికి జైలు కూడాను. నేను పోలీసు కేసు పెట్టాను. నీ మీద కాదులే. నీ దగ్గర దాచి చేసుకున్నాడని నాకు తెలుసు. కానీ ఒక్క మాట అడక్కపోయావా తల్లీ?"

"నోటిదాకా వచ్చిందండి. మొహమాటం వేసింది" అని తాయారు బావురుమంది.

"ఏడవకు. కడుపులో బిడ్డ గురించి బెంగ పెట్టుకోకు. పెళ్లి చెల్లకపోయినా బిడ్డ తప్పేం లేదు కదా, తండ్రి పేరూ ఉంటుంది, ఆయన ఆస్తిలో వాటా కూడా ఉంటుంది. మా లాయరమ్మని అడిగే వచ్చాను" అని చెప్పి నూకరత్నం వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే తాయారు పుట్టింటికి చేరింది. కేసు విచారణకి వచ్చేసరికి ఆమెకి పుట్టిన కూతురు బుడిబుడి అడుగులు వేస్తోంది. అప్పుడు మొదలైంది పెద్దిరాజు రాకపోకల హడావిడి.

"చూడు తాయారూ, మా లాయరు మంచి ఉపాయం చెప్పాడు. పెళ్లి తంతు జరిగిందని రుజువైతేనే నాకు శిక్ష. జరగలేదంటే కేసే లేదు. ఫొటో కోసం సరదాగా దండలు మార్చుకున్నాం, అంతేనని చెప్పు. వీడియోలవీ నేను మాయం చేసేశాను. పంతులు గారు గుర్తు లేదంటాడు. ఇక మిగిలింది నువ్వే. ఈ గండం గట్టెక్కితే, తీర్పు తెచ్చుకుని నిన్ను మళ్లీ దర్జాగా పెళ్లి చేసుకుంటాను. నేను జైలుకి పోతే నీకూ పిల్లకీ దిక్కెవరు చెప్పు?"

అబ్బులు గారూ వచ్చాడు. "మా పరువు నీ చేతిలో ఉందమ్మా" అన్నాడు. భద్రం మావయ్య వచ్చాడు. "సర్దుకుపోవాలే పిల్లా" అన్నాడు. ముగ్గురికీ తాయారు ఒకటే చెప్పింది. "అలాగేనండి." పాపం, అలవాటైన నోరు.

గుమ్మం దిగబోతూ పెద్దిరాజు వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, కోర్టుకి వచ్చేటప్పుడు ఆ తాళీ మెట్టెలూ తీసేసి రా. జడ్జి గారు చూస్తే బాగోదు."

వాయిదా రోజు పొద్దున్న తాయారు అద్దం ముందు నిలబడి తాళి మీద చెయ్యి వేసింది. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒళ్లు మండిపోయేంత కోపం. "అబద్ధం చెప్పి కట్టింది ఆయన. ఇప్పుడు కట్టనే లేదని నా నోటితోనే చెప్పాలా? అప్పుడు నా కూతురు ఏమవుతుంది? సరదాకి పుట్టిందా?" అనుకుంది. తాళి తీయకుండానే పిల్లని చంకనేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

కోర్టులో ముందు పంతులు గారిని పిలిచారు. ఆయన పేరు సోమయాజులు. ఈ పెళ్లి చేయించింది మీరేనా అని ప్రభుత్వ లాయరమ్మ అడిగింది. "ముహూర్తాల రోజుల్లో పెళ్లి మీద పెళ్లి చేయిస్తుంటాను తల్లీ. ఏ పెళ్లి ఎవరిదో ఎక్కడ గుర్తుంటుంది?" అని చెప్పి ఆయన వెనక బల్ల మీద కూర్చున్నాడు. పెద్దిరాజు మీసం దువ్వుకున్నాడు.

తర్వాత తాయారుని పిలిచారు. మెడలో తాళి చూసి పెద్దిరాజు ముఖం కాస్త మాడింది. ప్రభుత్వ లాయరమ్మ అడిగింది. "నీకూ ఈయనకీ పెళ్లి జరిగిందా అమ్మా?"

"జరిగిందండి."

పెద్దిరాజు లాయరు చివాలున లేచాడు. తన వంతు రాగానే చిరునవ్వుతో, చాలా మర్యాదగా అడిగాడు. "ఏమ్మా, ఏదో ఫొటో కోసం దండలు వేసుకున్నారు. అంతే కదా? అవునని చెప్పేసి హాయిగా ఇంటికి వెళ్లు."

ఆ మర్యాదకి తాయారు నోట అలవాటుగా "అలాగేనండి" రాబోయింది. పెదవుల దాకా వచ్చిన ఆ మాటని పళ్ల బిగువున ఆపింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"కాదండి" అంది.

ఆ మాట ఆమె నోట విని, వరండాలో మనవరాలిని ఆడిస్తున్న తల్లి కూడా తలెత్తి చూసింది.

"జీలకర్ర బెల్లం పెట్టించారండి. తాళి కట్టారండి. తలంబ్రాలు పోసుకున్నామండి. ఏడడుగులు నడిచామండి. ఏడు కూడా కాదు, నేను పదకొండు నడిచాను."

జడ్జి గారు రాస్తున్న కలం ఆపారు. "పదకొండేమిటమ్మా?"

"ఈయనకి తొందర ఎక్కువండి. నాలుగో అడుగులో నా కుచ్చిళ్లు తొక్కేశారు. నేను పడబోయాను. పంతులు గారు పట్టుకుని, 'ఏవయ్యా, ఏడడుగులు నడిచే ఓపిక కూడా లేదా నీకు!' అని కేకలేశారండి. తంతు మధ్యలో ఆగిందని మళ్లీ మొదటి అడుగు నుంచీ నడిపించారు. నాలుగూ ఏడూ పదకొండే కదండి?"

కోర్టంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో వెనక బల్ల మీంచి సోమయాజులు గారు తనని తాను మరిచిపోయి అరిచాడు. "అవునవును! ఆ కంగారు మనిషి ఇతనే! నా పంచె మీద అక్షింతల పళ్లెం కూడా బోర్లించాడు!"

జడ్జి గారు కళ్లజోడు మీదుగా ఆయన్ని చూశారు. "ఇప్పుడు గుర్తొచ్చిందా పంతులు గారూ? దయచేసి మళ్లీ బోను దగ్గరికి రండి."

పెద్దిరాజు లాయరు మరో ప్రయత్నం చేశాడు. "నీ మాటతో నీ పెళ్లే చెల్లకుండా పోతుంది. తెలుసా అమ్మా?"

"తెలుసండి. చెల్లకపోయినా జరిగింది జరిగినట్టే చెప్పాలి కదండి. అబద్ధం ఆయన చెప్పారు, నేను చెప్పను" అంది తాయారు. ఆ దారి మూసుకుపోయేసరికి లాయరు, ఆకు చించి విడిపోవడం పెద్దిరాజు వాళ్ల ఆచారమని, విడాకులు ఎప్పుడో అయిపోయాయని కొత్త వాదన ఎత్తుకున్నాడు.

తీర్పు రోజున జడ్జి గారు స్పష్టంగా చెప్పారు. "విడాకులు అయిపోయాయని ఒక నోటితో, పెళ్లే జరగలేదని మరో నోటితో అంటున్నావు. అయిపోతే ఇలా దాచుకోవడం ఎందుకు? ఆకు చించి విడిపోయే ఆచారం మీలో ఉందని నువ్వు రుజువు చేయలేకపోయావు. నువ్వే కేసు వేసి, తీర్పు రాలేదని తెలిసి కూడా మరో పెళ్లి చేసుకున్నావు. అది నేరం. ఆ సంగతి ఈ అమ్మాయి దగ్గర దాచావు. అది ఇంకా పెద్ద నేరం." పెద్దిరాజుకి మూడేళ్ల జైలు, జరిమానా పడ్డాయి. ఏ పనికీ ఆగలేని మనిషి మూడేళ్లు ఆగక తప్పలేదు.

బయట గేటు దగ్గర అబ్బులు గారు ఎదురయ్యాడు. "ఎంత పని చేశావమ్మా! ముందుగా మాతో ఒక్క మాట అనాల్సింది కదా?"

తాయారు తల దించుకోలేదు. "ఆకు చించేటప్పుడు మీరు రత్నం అక్కని ఒక్క మాట అడిగారా అండి?"

అబ్బులు గారు ఉత్తరీయం సర్దుకుంటూ పక్క సందులోకి తప్పుకున్నాడు. మార్కెట్ నుంచి కేసు చూద్దామని వచ్చిన ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. నూకరత్నం నవ్వుతూ తాయారు చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసే రోడ్డు దాటారు.

తర్వాత నూకరత్నం కోర్టులోనే విడాకులు తెచ్చుకుంది. తాయారు తాళిని తన ఇష్టంతోనే తీసి గోదావరిలో వదిలింది. ఆమె కూతురికి తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందని నూకరత్నం లాయరమ్మ కాగితం రాయించి ఇచ్చింది. తాయారు కొట్టు పెద్దదైంది. ఇప్పుడెవరైనా పెళ్లి జాకెట్టు కుట్టమని వచ్చి "అబ్బాయిది రెండో పెళ్లమ్మా" అంటే, కొలత తీసుకోకముందే తీర్పు వచ్చిందా అని అడుగుతుంది. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. పైగా సలహా కోసం వెతుక్కుంటూ వస్తున్నారు.

నీతి: కోర్టు విడాకులు ఇవ్వకముందే చేసుకున్న మరో పెళ్లి పెళ్లి కాదు, నేరం; అడగాల్సిన మాట మొహమాటంతో మింగేస్తే బతుకు చిక్కుల్లో పడుతుంది, చెప్పాల్సిన నిజం ధైర్యంగా చెబితే ఆ చిక్కు విడిపోతుంది.